శనివారం తెరిచే పెట్టె

మా సైన్సు మాస్టారు పోయారు. పోయిన నెలలో ముసురు పట్టిన ఒక మంగళవారం నేను ఎనిమిదో తరగతిలో పద్యం చెబుతుండగా అటెండరు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో ఉన్న సెల్‌ఫోను నాకే ఇచ్చేశాడు. అవతల మాస్టారి అబ్బాయి. "నాన్నగారు పొద్దున్నే పోయారండీ. ముందు తెలుగు మాస్టారికి చెప్పమని అమ్మ అంది" అన్నాడు. ఎప్పటి నుంచి బాగోలేదని అడగాలని కూడా నాకు తోచలేదు. ఫోను తిరిగి ఇచ్చేసి, పద్యం ఎక్కడ ఆపానో వెతుక్కున్నాను. దొరకలేదు. పిల్లల్ని ఆడుకోమని పంపించేశాను.

ఆయన నాకు చదువు చెప్పిన గురువు కారు. భీమవరానికి కూతవేటు దూరంలో, వరి చేలన్నీ చేపల చెరువులైపోయిన ఒక ఊళ్ళో, జిల్లా పరిషత్తు హైస్కూలులో ఏడేళ్ళు నా పక్క కుర్చీలో కూర్చున్న మనిషి. నాకంటే పన్నెండేళ్ళు పెద్ద. గొడుగు చొక్కా కాలరుకి వెనక తగిలించుకుని సైకిల్ తొక్కేవారు. ఆ సైకిలుకి బెల్లు ఉండేది కాదు. "తప్పుకోండమ్మా, తప్పుకోండి బాబూ" అని నోటితోనే అంటూ వచ్చేవారు. టీ సాసర్లో పోసుకుని తాగేవారు. ల్యాబులో పరీక్ష నాళికలు అటెండరు చేత కడిగించకుండా తానే కడిగి, వెలుతురుకి పట్టి చూసి బోర్లించేవారు. పిల్లలందరూ ఆయనకి 'గారు'లే. "ఏంటండీ బాబుగారూ, హోంవర్కు ఇంట్లో నిద్రపోతోందా?" అని అడిగితే దెబ్బ తిన్నదానికంటే ఎక్కువ సిగ్గుపడేవాళ్ళు.

తొంభైల చివర్లో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ప్రతి హైస్కూలులోనూ మాదకద్రవ్యాల మీద అవగాహన కార్యక్రమం జరపాలని, అందుకు ఒక ఉపాధ్యాయుణ్ణి బాధ్యుడిగా పెట్టాలని. ఇలాంటివి సాధారణంగా డ్రిల్లు మాస్టారి నెత్తిన పడతాయి. ఆ ఏడు మాకు డ్రిల్లు మాస్టారు లేరు. అందుకని సైన్సు మాస్టారు రెండు రోజుల ట్రైనింగుకి వెళ్ళి, చుట్ట చుట్టిన ఆరు చార్టులూ, ఒక గైడు పుస్తకమూ చంకలో పెట్టుకుని తిరిగొచ్చారు.

"మాస్టారూ, మన ఊళ్ళో మత్తు ఎవరికుందండీ, చేపలకి తప్ప?" అని ఎకసెక్కమాడాను. నాకు నోటి దురుసు ఎక్కువ. ఆయన నవ్వి ఊరుకున్నారు.

మొదటి చార్టు తొమ్మిదో తరగతి గోడకి తగిలించిన రోజు నేనూ వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. బొమ్మలో ఒక కుర్రాడు. భుజాల దాకా జుట్టు, చేతిలో సూది, పక్కన పుర్రె, వెనకాల పట్నంలో ఉండేలాంటి పెద్ద పెద్ద మేడలు. "సార్, ఈయన యాక్టరాండీ?" అని ఎవరో అడిగారు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు ఆ బొమ్మని తామూ ఒకసారి పరకాయించి చూశారు. "నిజమేనండీ. ఈ అబ్బాయి మన ఊరి మీదుగా ఎప్పుడూ వెళ్ళినట్టు లేడు" అని చార్టు చుట్టి పెట్టేశారు. ఆ ఆరు చార్టులూ తర్వాత అధికారులు వచ్చిన రోజున మాత్రమే గోడ ఎక్కాయి.

ర్యాలీ కూడా చేయించాం. పిల్లల చేత అట్టలు పట్టించి, నినాదాలు చెప్పించి, చేపల ప్యాకింగు షెడ్ల ముందు నుంచి పంచాయతీ ఆఫీసు దాకా. చేపల మీద ఐసు పోసి పెట్టెలు ఎత్తుతున్న కూలీలు, కలకత్తా వెళ్ళే లారీల డ్రైవర్లు పని ఆపి మాకు చేతులూపారు. ఫొటోలు బాగా వచ్చాయి. రిపోర్టు కూడా బాగుందని పైనుంచి మెచ్చుకున్నారు.

ఆ తర్వాత వారమే బడి వెనక కాలవ గట్టు మీద శ్రమదానం పెట్టాం. గడ్డి కోస్తుంటే సీసాలు బయటపడ్డాయి. ఒకటీ రెండూ కాదు, గంపలకొద్దీ. అన్నీ ఒకే రకం చిన్న గోధుమరంగు సీసాలు. దగ్గుమందువి. లారీలు ఆగే చోటుకి సరిగ్గా వెనకాల అది. రాత్రంతా లారీ నడిపేవాళ్ళతో మొదలై లోడింగు చేసేవాళ్ళకీ, వాళ్ళ మీద పెత్తనం చేసేవాళ్ళకీ మత్తు కోసం దాన్ని తాగే అలవాటు అంటుకుందని తర్వాత తెలిసింది. మాస్టారు ఒక సీసా తీసి, మట్టి తుడిచి, జేబులో వేసుకున్నారు. "ఇదండీ మన చార్టు" అన్నారు నాతో.

ఆయన పెట్టె పెట్టింది అప్పుడే. ల్యాబులో త్రాసు తూకపురాళ్ళు పెట్టుకునే టేకు పెట్టె ఒకటి, రాళ్ళు పోయి ఖాళీగా పడి ఉండేది. దాని మూతకి సన్నటి గాటు కోయించి, తాళం వేసి, మంచినీళ్ళ కుళాయిల దగ్గర గోడకి బిగించారు. మత్తు గురించి ఎవరికి ఏ సందేహమున్నా పేరు రాయకుండా చీటీ మీద రాసి అందులో వేయాలి. శనివారం అసెంబ్లీలో ఆయన జవాబు చెప్తారు. ఇంతవరకూ అయితే ఏ మాస్టారైనా చేస్తాడు. ఆయన ఇంకొకటి చేశారు. శుక్రవారం మధ్యాహ్నం బడిలోని ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ తప్పనిసరిగా ఒక చీటీ వేయాలన్నారు. అడిగేది ఏమీ లేకపోతే ఖాళీ కాగితం మడిచి వేయాలి. "అందరూ వేస్తే, రాసిందెవరో ఎవరికీ తెలీదండీ" అన్నారు. నేను ఉపాధ్యాయుడినై అప్పటికి పదేళ్ళు దాటింది. పిల్లల భయం గురించి అంత ఆలోచించిన మనిషిని అంతకుముందు చూడలేదు.

మూడు వందల చీటీలు విప్పాలంటే ఒక్కరి వల్ల కాదు. శనివారం పొద్దున్నే ల్యాబులో నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవారు. ముక్కాలు మువ్వీసం ఖాళీవే. మిగిలిన వాటిలో నవ్వొచ్చేవి చాలా ఉండేవి. మా తాతయ్య చుట్ట కాలుస్తాడు, పోలీసులు పట్టుకుంటారా? కిళ్ళీ మత్తు పదార్థమా కాదా? సైన్సులో ఈసారి ఏ చాప్టరు ముఖ్యం? ఆయన అన్నింటికీ జవాబు చెప్పేవారు, ఆఖరిదానికి తప్ప. "బెదిరిస్తే వింటారు గానీ అడగరండి. మనకి కావలసింది అడగడం" అనేవారు.

ఇక నేను చెప్పవలసిన సంగతికి వస్తాను. దీన్ని పదేళ్ళుగా దాటవేస్తూ వచ్చాను.

సంక్రాంతి సెలవులు దాటాక ఒక శనివారం నా చేతికి ఒక చీటీ వచ్చింది. 'మొదలుపెట్టేసిన మనిషి మానాలంటే ఏం చెయ్యాలి సార్? దగ్గుమందు. రోజూ తాగుతారు.' అంతే. నేను తెలుగు మాస్టారిని. వారానికి నూట యాభై కాంపోజిషన్ పుస్తకాలు దిద్దుతాను. ఆ గుండ్రటి అక్షరాలు, పదానికీ పదానికీ మధ్య వేలెడు ఖాళీ ఎవరివో క్షణంలో తెలిసిపోయింది. పదో తరగతిలో మొదటి ర్యాంకు అమ్మాయి. నా పద్యాలన్నీ నాకంటే బాగా చదివే పిల్ల. పేరు నోటిదాకా వచ్చింది.

మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "చెప్పకండి. నాకొద్దు."

"పిల్ల పాడైపోతుంటే చూస్తూ కూర్చోమంటారా?"

"రాసిందెవరో తెలిస్తే తాగేదెవరో తెలిసినట్టు కాదు కదండీ. మాటిచ్చాం మాస్టారూ. ఆ మాట పోతే ఇంక ఆ పెట్టె దేనికి?"

ఆయన గైడు పుస్తకం తీసి మొదటి పేజీ నుంచి చివరి దాకా తిరగేశారు. మత్తు జోలికి వెళ్ళకండి అని ప్రతి పేజీలోనూ ఉంది. వెళ్ళిపోయినవాడు ఏం చేయాలో ఒక్క వాక్యం కూడా లేదు. "దీనికి జవాబు నా దగ్గర లేదండీ. రేపు ఆదివారం రాజమండ్రి వెళ్ళి కనుక్కొస్తాను. వచ్చే శనివారం చదువుదాం" అన్నారు.

ఆయన వెళ్ళారు. బస్సులో నిలబడి వెళ్ళి, తెలిసినవాళ్ళ ద్వారా ఒక డాక్టరు గారిని పట్టుకుని, రెండు గంటలు కూర్చుని అడిగి వచ్చారు. ఆ వారమంతా విరామం గంట కొట్టినప్పుడల్లా ల్యాబులో కూర్చుని, విన్నదాన్ని పిల్లలకి అర్థమయ్యేలా రాయడం, కొట్టేయడం, మళ్ళీ రాయడం.

నేను ఆగలేకపోయాను. ఆ అమ్మాయి రోజూ మొదటి బెంచీలో ఎదురుగా కూర్చునేది. పాఠం చెబుతూ ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూసేవాణ్ణి. పబ్లిక్ పరీక్షల భయంతో ఏదో మొదలెట్టింది, ఇంట్లో పెద్దవాళ్ళకి తెలియాలి, ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు అని నాకు నేనే కథ అల్లుకున్నాను. బుధవారం వెళ్ళి హెడ్మాస్టరు గారికి చెప్పేశాను. ఆయన చెడ్డవారేమీ కారు. ఏ కష్టమొచ్చినా మా బడికి తెలిసిన వైద్యం ఒక్కటే. తండ్రికి కబురు పంపడం.

గురువారం తండ్రి వచ్చాడు. ప్యాకింగు షెడ్డులో మేస్త్రీ. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. హెడ్మాస్టరు గారు మెల్లగానే చెప్పారు. "మీ అమ్మాయి దగ్గుమందు గురించి పెట్టెలో రాసిందండీ. రోజూ తాగడం అలవాటైనట్టుంది. కాస్త కనిపెట్టి చూసుకోండి."

అతని మొహంలో ఏ మార్పూ రాలేదు. వచ్చినట్టు రిజిస్టరులో సంతకం పెట్టమంటే నా పక్కనే టేబులు మీదికి వంగాడు. అప్పుడు నాకు వాసన తగిలింది. తియ్యటి మందు వాసన. కాలవ గట్టు మీద సీసాల్లో వచ్చిన వాసనే. ఏదో ఒకటి చెప్పాలి, ఆపాలి, పొరపాటైందనాలి. కానీ ఏమన్నా ఆ పిల్లని ఇంకా పట్టించడమే అవుతుంది. "చూసుకుంటానండీ" అని నమస్కారం పెట్టి అతను వెళ్ళిపోయాడు.

శుక్రవారం ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆరో తరగతి చదివే తమ్ముడు మాత్రం వచ్చాడు. అక్క ఏదిరా అంటే తల వంచుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పిల్లలందరూ ఎప్పటిలాగే వరసలో నిలబడి చీటీలు వేశారు. శనివారం పొద్దున్న మాస్టారు తాళం తీశారు. ఇద్దరం విప్పడం మొదలుపెట్టాం. ఖాళీ. ఖాళీ. ఇంకోటీ ఖాళీయే. కబురు బడంతా పాకిపోయింది. మూడు వందల చీటీలూ తెల్లగా ఉన్నాయి. చుట్ట కాల్చే తాతయ్య కూడా లేడు. నేను సగంలోనే ఆపేశాను. ఆయన ఆపలేదు. ఆఖరి చీటీ దాకా ఒక్కొక్కటీ విప్పి, రెండువైపులా చూసి, సాపు చేసి పక్కన పెట్టారు.

అప్పుడు చెప్పాను, హెడ్మాస్టరు గారికి చెప్పింది నేనేనని. ఆయన కోప్పడితే బాగుండేది. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నారు. "మీరు మంచికే చేశారండీ. అదే నాకు భయం" అన్నారు.

అసెంబ్లీలో ఆయన ఆ జవాబు చదివారు. పదో తరగతి ఆడపిల్లల వరసలో ఒక చోటు ఖాళీగా ఉంది. "పోయిన వారం ఒకరు ఒక మంచి ప్రశ్న అడిగారండీ" అని మొదలుపెట్టి, ఎవరూ లేని ఆ చోటుకేసి చూస్తూ చివరిదాకా చదివారు. ఆరో తరగతి వరసలో తమ్ముడు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడేం విన్నాడో, ఏం అర్థమైందో నాకు తెలియదు.

ఆ తర్వాత ఆయన వాళ్ళింటికి ఎన్నిసార్లు వెళ్ళారో లెక్క లేదు. వెళ్ళినప్పుడల్లా తండ్రి కుర్చీ వేసి, టీ ఇప్పించి, "ఆడపిల్లకి ఈ మాత్రం చదువు చాల్లెండి మాస్టారూ" అనేవాడట. అంత మర్యాదగా మాట్లాడే మనిషిని ఏం చేయగలం? హాల్‌టికెట్ కూడా పట్టుకెళ్ళారు. పరీక్షల మొదటి రోజు సైకిలేసుకుని వాళ్ళ వీధి చివర తొమ్మిదిన్నర దాకా నిలబడి, ఒక్కరే తిరిగొచ్చారు. ఆ అమ్మాయి రొయ్యలు వొలిచే షెడ్డులో పనికి కుదిరింది. రెండేళ్ళు తిరక్కుండానే తండ్రి చనిపోయాడు.

ఒకసారి కాలవ వంతెన దగ్గర ఆ అమ్మాయి మా ఇద్దరికీ ఎదురుపడింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది. ఆయన్ని చూసి మొహం తిప్పుకుంది. పెట్టె ఆయనది, తాళం ఆయనది. చెప్పింది ఆయనే అనుకుంది. నేను నోరు తెరవబోతే ఆయన నా చెయ్యి పట్టుకుని నొక్కారు. ఆమె వెళ్ళాక, "అనుకోనివ్వండి. మీరింకా పదేళ్ళ పైన పిల్లలకి పాఠం చెప్పాలి. నాకు ఏడాదే ఉంది సర్వీసు" అన్నారు.

నేను వద్దనలేదు. అదే నా సిగ్గు. ఆయన రిటైరయ్యాక, నేను బదిలీ మీద రెండు ఊళ్ళు తిరిగి మళ్ళీ ఈ బడికే వచ్చాక కూడా ఆ మాట వెనకే దాక్కున్నాను. కార్యక్రమం మాత్రం ఏటా జరుగుతోంది. ఆరు చార్టులు, ర్యాలీ, ఫొటోలు. పెట్టె ఉన్న చోట గోడకి నాలుగు మేకుల గుర్తులు మిగిలాయి.

ఆయన పన్నెండో రోజున భోజనాలయ్యాక మాస్టారి భార్య గారు నన్ను లోపలికి పిలిచి ఆ పెట్టె చేతికిచ్చారు. "ఇది మీ ఇద్దరిదీనండీ. ఎవరికీ ఇవ్వలేదాయన. ఏడాదికోసారి తుడిచి మళ్ళీ పెట్టుకునేవారు." ఇంటికొచ్చి తెరిచాను. లోపల ఎవరూ పరీక్షకి పట్టుకెళ్ళని హాల్‌టికెట్, రెండు జడల అమ్మాయి ఫొటోతో. దాని కింద ఆ చీటీ. వెనకవైపు కొట్టివేతలన్నీ పోగా మిగిలిన జవాబు, ఆయన చేతిరాతలో:

'మానమని ఒక్కసారిగా బలవంతం చెయ్యకండి. తిట్టకండి. ఇది మందుతో నయమయ్యే జబ్బు. రాజమండ్రిలో డాక్టరు గారు ఆదివారం పొద్దున్న చూస్తారు. అడ్రసు కింద రాశాను. ఒంటరిగా పంపకండి. నేను తోడు వస్తాను. పేరు చెప్పక్కర్లేదు.'

మొన్న శనివారం పొద్దున్న ఆ చీటీ జేబులో పెట్టుకుని వంతెన దగ్గరికి వెళ్ళాను. రొయ్యల షెడ్డు బస్సు ఆరున్నరకి అక్కడ ఆగుతుంది. ఆడవాళ్ళు క్యారేజీలు పట్టుకుని నిలబడ్డారు. గుర్తుపట్టడం కష్టం కాలేదు. దగ్గరికి వెళ్ళి, "సైన్సు మాస్టారు పోయారమ్మా" అన్నాను.

"విన్నానండీ. రాలేదు" అంది.

"ఆ రోజు హెడ్మాస్టరు గారికి నీ పేరు చెప్పింది మాస్టారు కాదమ్మా. నేను. నీ రాత గుర్తుపట్టి నేనే చెప్పాను."

ఆమె నా వంక చూసింది. ఆ చూపు గురించి ఏమీ రాయలేను. ఎన్నో అనుకుని వెళ్ళాను, తిడుతుందని, ఏడుస్తుందని, క్షమించానంటుందేమోనని కూడా. అవేవీ జరగలేదు. చీటీ ఇచ్చాను. ముందువైపు తన అక్షరాలు చూసుకుంది. తిప్పి, వెనక చదివింది. రొయ్యలు వొలిచి వొలిచి వేళ్ళ కొసలు తెల్లగా నానిపోయి ఉన్నాయి. రెండోసారి చదివింది.

"ఈ డాక్టరు గారు ఇంకా చూస్తున్నారాండీ?"

"ఎవరికమ్మా?"

"మా తమ్ముడికండి. కలకత్తా లారీ మీద క్లీనరుగా వెళ్తున్నాడు."

బస్సు వచ్చేసింది. "కనుక్కుంటానమ్మా. వచ్చే శనివారం చెప్తాను" అన్నాను. ఆ మాట ఎవరిదో అన్నాక గానీ నాకు తెలియలేదు. ఆమె చీటీ మడిచి క్యారేజీ గుడ్డ ముడిలో పెట్టుకుని బస్సెక్కింది.

అడ్రసు నాకు కంఠతా వచ్చేసింది. సోమవారం సెలవు పెట్టి రాజమండ్రి వెళ్ళాను. ఆ చోట ఇప్పుడు సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. డాక్టరు గారు ఎక్కడికి వెళ్ళారో, అసలు ఉన్నారో లేదో పక్క కొట్టువాళ్ళకీ తెలియదు. తెలిసినవాళ్ళందరికీ ఫోను చేశాను. కనుక్కుని చెప్తామన్నారు. గైడు పుస్తకం కొత్త ముద్రణ బడికి వచ్చింది కదా అని అది కూడా తిరగేశాను. అట్ట మాత్రమే మారింది.

ఇవాళ శుక్రవారం. పెట్టె నా బల్ల మీద మూత తెరిచి ఉంది. ఎదురుగా తెల్లకాగితం ఒకటి పెట్టుకుని కూర్చున్నాను. 'నేను తోడు వస్తాను' అని రాశాను. ఎక్కడికో ఇంకా రాయలేదు.